రంగదీపమునకు జ్ఞాపకము: దివిటీ నుండి కన్సోలు వరకు

ఖమ్మము నుండి వైరా, తల్లాడ, ఏన్కూరుల మీదుగా కొత్తగూడెమునకు పోవు బాటలో జూలూరుపాడు వచ్చును. 1953 వరకు వరంగల్లు జిల్లాలోను, ఆ పిమ్మట ఖమ్మము జిల్లాలోను ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన ఈ మండలకేంద్రమునకు ఒకవైపు చేలు, మరియొకవైపు భద్రాచలము దాక సాగు అడవి. ఇట్టి చోట నాటకమనగానే మొదట తేలవలసిన ప్రశ్న దీపము. పగలు పొలముపని, రాత్రి ఆట. అడవి అంచున చీకటిలో పందిరి వేసి, నలుగురు చేరి, రంగు పూసికొన్న ముఖమును చూడవలెనన్నచో ఎవరో ఒకరు వెలుగు పట్టుకొని నిలువవలెను. అట్లు నిలిచినవాని చరిత్రయే మా నేటి ప్రసంగవిషయము.

నేడు అట్టి పందిరి చేరువన క్రొత్త దృశ్యమొకటి కనబడును. మడతబల్ల మీద మీటలును బొత్తాములును గల పెట్టె యుండును. దాని నుండి ఒక సన్నని తీగ బయలుదేరి, ఇనుపస్తంభములకు కట్టిన దీపములకు ఒకదాని నుండి మరియొకదానికి పాకిపోవును. ఆ పెట్టె ముందు కూర్చున్న యువకుని ఊరివారు లైటింగు అబ్బాయి అందురు. పెట్టెను కొందరు డిమ్మరు బోర్డనియు, తెలిసినవారు కన్సోలనియు పిలుతురు. ఒక వెలుగును కూర్చి దాచుమనిన ఆ పెట్టె దాచును. గంట తరువాత అడిగినను అదే వెలుగును మరల చూపును. ప్రోగ్రాము చేయుట అనగా ఇంతియే. ఈ దాచుట అను పని ఒకప్పుడు మనుష్యుల తలలలో జరిగెడిది. ఆ తలలు ఎవరివి, ఆ పని పెట్టెలోనికి ఎట్లు చేరెను, చేరిన పిమ్మట మన పల్లె నాటకమునకు కలిగిన లాభమెంత అని విచారింతము.

మన దేశమున దివిటీ పట్టుట ఒక వృత్తి. తెలుగు గ్రామములలో చాకలివారును, కొన్నిచోట్ల మంగలివారును పెండ్లి ఊరేగింపునకు, దేవుని సేవకు, అధికారి రాత్రి ప్రయాణమునకు దివిటీ పట్టవలసియుండెను. తెలంగాణములో ఇది వెట్టిలో భాగముగా కూడ నడచెను. భాగవతులు ఊరికి వచ్చినచో వారి ఆటకును ఆ చేతులే వెలుగు చూపెడివి. కఱ్ఱకు పాతగుడ్డలు చుట్టి ఆముదములో తడిపి వెలిగించిన కాగడా అది; పట్టినవాడు తెల్లవారువరకు నడుమ నడుమ నూనె పోసికొనుచు నిలువబడవలెను.

ఇందులో కళ యేమున్నదని అడుగువారుందురు. కూచిపూడివారి ఆటలోని పాత్రప్రవేశమును తలచుకొనుడు. ఇద్దరు తెర పట్టుదురు. ఇరుపక్కల దివిటీలు నిలుచును. తెర వెనుక హిరణ్యకశిపుడు అడుగు వేయును. గజ్జెల చప్పుడు వినబడును, మనిషి కనబడడు. తాళము పైకెక్కిన క్షణమున దివిటీ మీద గుగ్గిలపు పొడి చల్లుదురు. మంట గుప్పున లేచును, సాంబ్రాణి వాసన వంటి వాసన ఆవరించును, తెర తొలగును. ఆ పొడి ఒక్క దరువు ముందు పడినచో రాక్షసుడు తుస్సుమనును. ఒక్క దరువు వెనుకబడినచో మంట నటుని ముఖమున కొట్టినట్లుండును. ఎప్పుడు చల్లవలెనో అతనికి ఏ కాగితమును చెప్పలేదు. ఆట ఆతని చెవిలో నుండెను. దివిటీని ముందునకు జరిపినచో ముఖము వెలిగెను, వెనుకకు తీసినచో మసకయయ్యెను, పైకెత్తినచో కనుబొమల క్రింద నీడ పడెను. వెలుగు ఎంత, ఎచ్చటి నుండి, ఏ రంగు, ఏ క్షణమున అను నాలుగు విషయములే నేటి కన్సోలుకును పని. ఆ నాలుగును ఆ కఱ్ఱ పట్టిన చేయి ఎరుగును.

తోలుబొమ్మలాటలో దీపముది మరింత ముఖ్యమైన స్థానము. అక్కడ దీపమే రంగస్థలము. తెర వెనుక ఆముదపు దీపము వెలుగుచుండ, గాలికి దాని శిఖ కదలినప్పుడెల్ల రంగులద్దిన తోలులో ప్రాణము కదలినట్లుండును. తరువాత పెట్రోమాక్సు వచ్చెను, దాని వెనుక కరెంటు బల్బు వచ్చెను. బల్బు వెలుగు నిలకడగలది. ఆ నిలకడయే బొమ్మకు కొంత జీవమును తీసివేసెనని మా అభిప్రాయము. బొమ్మను తెరకు చేరువగా పట్టిన స్పష్టముగను, వెనుకకు లాగిన పెద్దదిగను అలుకుకొన్నట్లుగను కనబడును. హనుమంతుడు పెరుగుటకు వేరు యంత్రము అక్కరలేదు.

ఇక తెర, వేదిక, పక్కతెరలు గల నాటకము మనకు వచ్చినది 1880 ప్రాంతమున. ధార్వాడ నాటకసమాజమువారు ఆంధ్రదేశమునకు వచ్చి ఆడి పోవుటయు, అదే యేట కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరములో తమ శిష్యులచే నాటకము లాడించుటయు ప్రసిద్ధము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ ఆడించి సురభి నాటకకుటుంబమునకు మొదలు పెట్టెను. అదే 1885లో వియన్నాలో కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాహ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంటలో తెల్లగా వెలుగు జాలీసంచికి పేటెంటు పొందెను. మనము మాంటిల్ అనునది అదియే. ఈ రెండు సంగతులకు అప్పుడు సంబంధమేమియు లేదు. కాని మాంటిలుకు కిరసనాయిలు ఆవిరిని జతచేసి జర్మనీలో మాక్స్ గ్రేట్స్ 1910 ప్రాంతమున తెచ్చిన పెట్రోమాక్సు దీపము, తరువాత మన పల్లెనాటకమునకు సూర్యుడై కూర్చున్నది. ఊళ్లలో దానికి గ్యాసులైటని పేరు. బుఱ్ఱకథ, హరికథ, వీధినాటకము, పెండ్లి ఊరేగింపు అన్నియు దాని క్రిందనే జరిగెను. 1943 నుండి ప్రజానాట్యమండలి దళములు తిరిగిన ఊళ్లలోను, 1947లో సుంకర, వాసిరెడ్డి వ్రాసిన మా భూమి నాటకమాడిన వేదికలలోను కరెంటు గలవి అరుదు.

గ్యాసులైటును నడుపుట చిన్నపని కాదు. స్పిరిటుతో గొట్టము వేడిచేసి, పంపు కొట్టి వెలిగించవలెను. గాలి తగ్గినచో వెలుగు తగ్గును, మరల పంపు కొట్టవలెను. ఆర్పిన యెడల తిరిగి వెలిగించుటకు కొన్ని నిమిషములు కావలెను. మరి రంగము మధ్యలో చీకటి కావలసివచ్చినచో? ఆర్పరు, దీపమును పక్కతెర చాటునకు దించుదురు, లేదా డబ్బారేకు అడ్డము పెట్టుదురు. ఇది మనవాండ్ర మోటు ఉపాయమని నవ్వనక్కరలేదు. ఇటలీదేశపు నికోలా సబ్బతీని 1638లో రంగయంత్రములను గూర్చి ప్రకటించిన గ్రంథములో కొవ్వొత్తుల మీదికి రేకుగొట్టములను త్రాళ్లతో ఒక్కమారు దించి రంగమును చీకటి చేయు విధము వర్ణించెను. త్రాళ్లన్నియు ఒకచోటికి చేర్చుట అందలి విశేషము. ఒక మనిషి ఒక్క లాగుడుతో దీపములన్నింటిని ఏలుట అను కోరిక అప్పటికే కలదన్నమాట. 1817లో లండను నాటకశాలలలో బొగ్గువాయువు దీపములు వచ్చినప్పుడు, గొట్టముల కుళాయిలన్నియు ఒకచోట చేర్చి ఆ కోరికను ఇంకొక మెట్టెక్కించిరి. 1881లో అదే నగరపు సవాయ్ థియేటరు మొత్తము విద్యుద్దీపములతో వెలిగెను.

సురభివారి సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. వారు ఊరూర డేరాలు వేసి ఆడు కుటుంబసమాజములవారు. మాయాబజారులో ఘటోత్కచుని మాయలు, ఆకాశమున నారదుడు తేలివచ్చుట, రెండు బాణములు నిప్పులు గ్రక్కుచు తీగపై ఎదురెదురుగా వచ్చి కలియుట వారి ప్రత్యేకతలు. ఇవన్నియు త్రాళ్లతోను తీగలతోను చేయు పనులని ప్రేక్షకునికి తెలియును. ఐనను తీగ కనబడరాదు. తీగను దాచునది వెలుగే. వెనుకతెర నల్లనిదై, వెలుగు ప్రక్కల నుండి వచ్చి మనిషిని మాత్రము తాకినచో తీగ మాయమగును. వెలుగు తెరపై పడెనా, మాయ బట్టబయలగును. ఆ సమాజములలో వేషము లేనివాడు ఊరక కూర్చుండడు. తెర లాగును, లేదా దీపము చూచును. బిడ్డ తెరచాటున పెరుగును; మాటలు నేర్చుటకు ముందే నాటకము నేర్చును. ఏ మాటకు ఎఱ్ఱ అద్దము దీపము ముందునకు తిప్పవలెనో వానికి వ్రాసియిచ్చిన వారుండరు. నూరేండ్లకు పైగా ఆ దీపముల క్రమము రక్తములో పారినట్లు పారెను. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వంటి సురభి సమాజములు నిన్న మొన్నటి వరకు నిత్యప్రదర్శనలిచ్చినవన్నచో ఆ జ్ఞాపకపు బలము కొంత కారణము.

విద్యుత్తు వచ్చెను. ఈ సీమవారికి ఇది పరాయి కథ కాదు. ఇల్లందు ప్రాంతమున 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. తరువాత కొత్తగూడెము గనులు పెరిగెను. పాల్వంచ వద్ద కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రపు తొలి యూనిటు 1966లో పనిచేయ మొదలిడెను. ఆ తొలినాటి యూనిట్లు ఇప్పుడు మూతబడినవి కాని, వాటి కరెంటుతో వెలిగిన వేదికలెన్నియో లెక్క లేదు. గని చీకటి నుండి తీసిన బొగ్గు నాటకపు వెలుగగుట చూచినప్పుడు మాకు కలకత్తాలో 1959లో ఉత్పల్ దత్తు మినర్వా థియేటరులో ప్రదర్శించిన అంగార్ గుర్తువచ్చును. అది బొగ్గుగని కార్మికుల నాటకము. కడపటి రంగమున గనిలోనికి నీరు చేరి మనుష్యులను ముంచును. వేదికమీద నీటిబొట్టు లేదు. తాపస్ సేన్ అను దీపశిల్పి వెలుగుతోనే నీటిమట్టమును పైపైకి లేపి చూపెను. ఖరీదైన యంత్రములతో కాదు, దొరికిన సామగ్రితో. 2006లో మరణించిన ఆయన పేరు ఈ దేశమున దీపకారుడు కూడ కళాకారుడే యనుటకు మొదటి సాక్ష్యము.

విద్యుద్దీపమును వెలిగించుట సులువు, ఆర్పుట సులువు. మెల్లగా తగ్గించుటయే కష్టము. మన ఔత్సాహిక సమాజములు చిరకాలము వాడిన ఉపాయము ఉప్పునీటి డిమ్మరు. పింగాణి జాడీలో ఉప్పు కలిపిన నీరు పోసి, అడుగున ఒక లోహపు పలకను ఉంచి, ఇంకొక పలకను త్రాటితో పైనుండి దించుదురు. పలకలు చేరువైన కొలది కరెంటు ఎక్కువగా పాఱి దీపము వెలుగును, దూరమైనచో మసకయగును. నీరు కాగును, పొగలు వచ్చును, ఇంకిపోవును. తడిచేతితో తాకినవానికి ఇంకొక నాటకముండదు. అయినను ఆ మసకబారుట ఎంత మెత్తనిదో చూచినవారు చెప్పుదురు. పిమ్మట తీగచుట్ల డిమ్మర్లు వచ్చినవి; అవి దీపమునకు ఇయ్యని కరెంటును వేడిగా మార్చి పారవేయును. ఆటోట్రాన్స్‌ఫార్మరు ఆ వ్యర్థమును తగ్గించెను. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు తెచ్చిన థైరిస్టరుతో బరువైన పలకలు, చుట్లు దూరముగా ఒక గదిలోనికి పోయి, దీపకారుని చేతి క్రింద చిన్న మీటలు మాత్రము మిగిలెను.

1961లో హైదరాబాదున రవీంద్రభారతి ప్రారంభమైన పిమ్మట తెలుగు నాటకమునకు కట్టుదిట్టమైన రంగశాల కలిగెను. అట్టి రంగశాలలలో దీపకారునికి ఒక గది, ఒక బల్ల, ఒక కిటికీ ఉండును. అంతవరకు పక్కతెరలో నిలిచి నటుని వీపు చూచినవాడు మొట్టమొదటిసారి ప్రేక్షకుడు చూచునదే చూచెను. ఇది చిన్నమార్పు కాదు. మా దృష్టిలో కంప్యూటరు రాకకంటె పెద్దది.

బల్ల మీద రెండు వరుసల మీటలుండుట ఆ కాలపు పద్ధతి. మొదటి వరుసలోని అమరిక వేదికపై వెలుగుచుండగా, రాబోవు రంగమునకు తగినట్లు రెండవ వరుసను దీపకారుడు చీకటిలో సరిచేసికొనును. సమయము రాగానే ఒక పెద్ద మీటతో ఇటునుండి అటునకు వెలుగును మార్చును. వెంటనే మొదటి వరుసను మూడవ రంగమునకు దిద్దవలెను. యేల్ విశ్వవిద్యాలయములో 1947లో జార్జ్ ఐజనూర్ నిర్మించిన ఎలక్ట్రానిక్ బల్లలో ఇట్టి ముందస్తు అమరికలు పది వరకు చేసికొను వీలుండెను. లండనులో ఫ్రెడరిక్ బెంథామ్ 1935లోనే ఆర్గను వాద్యపు మెట్ల వంటి మెట్లుగల దీపకన్సోలును చేసియుండెను. వెలుగును వాద్యముగా వాయింపవలెనని ఆయన పట్టుదల. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. హార్మోనియము ప్రస్తావన వచ్చినప్పుడు ఇది అక్కఱకు వచ్చును.

మీటల స్థానములను అంకెలుగా మార్చి దాచు బల్లలు 1960ల ద్వితీయార్ధములో బ్రిటనులో టెలివిజను స్టూడియోల కొఱకు వచ్చినవి. 1975లో న్యూయార్కు బ్రాడ్‌వేలో ఎ కోరస్ లైన్ అను సంగీతనాటకమునకు థారన్ మస్సర్ అను దీపశిల్పిని కంప్యూటరు జ్ఞాపకముగల బల్లను వాడెను. ఆ వీధిలో అది మొదటిది. అంతకుముందు ఒక్కొక్క నాటకమునకు పలువురు పెద్దపెద్ద మీటల బల్లల నడుమ నిలిచి చేతులతో లాగెడివారు. 1986లో అమెరికా రంగస్థల సాంకేతికసంఘము డీఎంఎక్స్ 512 అను ఒప్పందమును ప్రకటించెను. ఏ కంపెనీ బల్లయైనను ఏ కంపెనీ దీపముతోనైనను మాటలాడుటకు అది భాష. ఒక తీగలో 512 చానళ్లు. ఒక్కొక్క చానలునకు 0 నుండి 255 వరకు విలువ. ఈ విలువలన్నియు సెకనుకు 44 పర్యాయముల వరకు మరల మరల ప్రవహించును. జూలూరుపాడు వంటి ఊరి పందిరిలో పాకు ఆ సన్నని తీగలో నడచునది ఈ భాషయే.

ఇప్పుడు బల్ల నడుపుట చూతము. అద్దెకు తెచ్చు బల్లలలో అతిసామాన్యమైనది 192 చానళ్లది. పండ్రెండు దీపములకు, దీపమొకటికి 16 చానళ్ల చొప్పున అది పంచును. మొదట ప్రతి దీపమునకు చిరునామా ఇయ్యవలెను: మొదటిదానికి 1, రెండవదానికి 17, మూడవదానికి 33. రెండు దీపములకు ఒకే అంకె ఇచ్చినచో అవి కవలపిల్లలవలె ప్రవర్తించును. ఒక్కొక్కప్పుడు కావలసినదే అది. చిరునామాలు కుదిరిన పిమ్మట దీపమును ఎంచి, మీటలతో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము పాళ్లను, మొత్తము కాంతిని సరిపెట్టవలెను. తలతిప్పు దీపమైనచో అడ్డముగా ఎంత, నిలువుగా ఎంత అని రెండు మీటలు. వేదిక చూచి తృప్తి కలిగినచో ప్రోగ్రాము బొత్తాము నొక్కిపట్టి, దాచు బొత్తామును, దృశ్యపు అంకెను నొక్కవలెను. బ్యాంకునకు 8 చొప్పున 30 బ్యాంకులలో 240 దృశ్యములు దాచవచ్చును. పెద్ద కన్సోళ్లలో దీనికే క్యూ అని పేరు. ప్రతి క్యూకు అంకె, పైకి వచ్చుటకు ఎన్ని సెకనులు, తగ్గుటకు ఎన్ని సెకనులు అని వ్రాసి దాచవచ్చును. 12వ క్యూకు 13వ క్యూకు నడుమ క్రొత్తది కావలసినచో 12.5 అని చేర్చవచ్చును. వేదికమీద మార్పు కనబడకుండ రాబోవు క్యూను దిద్దుకొను సదుపాయము కూడ కలదు. అన్నియు కుదిరినచో ఆట రాత్రి మిగులు పని ఒక్కటి: సమయమునకు గో అను బొత్తాము నొక్కుట.

చెప్పుటకు సులువుగనే యున్నది. చిక్కు యంత్రములో లేదు, మన నాటకములో ఉన్నది.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయమునందలి కాటిసీనును తీసికొందము. ఖమ్మము సీమకు కృష్ణాతీరపు పద్యనాటకము పొరుగు సంపద. ఈ సీను తెలియని ఊరుండదు. జాషువ శ్మశానవాటిక పద్యములను అందులో చేర్చి పాడుట ఆనవాయితీ. కాటిసీననగా నీలపు వెలుగు. దీపము ముందు నీలపు కాగితము అంటించిన నాటినుండి ప్రేక్షకుడు నీలము కనబడగానే చితిని ఊహించుకొనును. ఈ సీనునకు మేము క్యూలు వ్రాసినచో ఇట్లుండును: మొదట వేదిక అంతయు లోతైన నీలము, ముప్పదవ వంతు కంటె ఎక్కువ కాదు, వెనుక ఒక మూల చితికి నారింజవన్నె, హరిశ్చంద్రుడు నడుమకు వచ్చుసరికి ప్రక్క నుండి వెచ్చని తెలుపు ముఖముమీద ఇరువది సెకనులలో మెల్లగా, చంద్రమతి ప్రవేశమునకు ఎదుటిప్రక్క నుండి ఇంకొకటి. నాలుగే క్యూలు. దీనికి 240 దృశ్యములు అక్కరలేదు.

కాని పద్యము ఎంతసేపు? వ్రాసికొన్న సెకనులతో నటుడు పాడడు. రాగము తీయును, విఱుచును, మరల ఎత్తుకొనును. చప్పట్లు మ్రోగును. వన్స్‌మోర్ అని కేక వినబడును. చితి ముందు ఏడ్చుచున్న రాజు కన్నీరు తుడుచుకొని, ప్రేక్షకులకు నమస్కరించి, మొదటి పాదము నుండి మరల పాడును. సమయమును బట్టి తానుగా సాగునట్లు క్యూలను గొలుసుగా కట్టినచో, రెండవసారి పాడుచున్న హరిశ్చంద్రుని మీద చంద్రమతి వెలుగు వచ్చి పడును. అంతేకాక ఊరి ఆటలో పాత్రధారులు వేరువేరు ఊళ్లనుండి ఆ సాయంకాలమే వచ్చి చేరుట కలదు. ఒకే రాత్రి ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు కూడ ఉందురు. ఒకరి ఎత్తు, నిలుచు చోటు, గొంతు ఇంకొకరివి కావు. రిహార్సలు లేని ఆటకు రిహార్సలు కోరు యంత్రము వచ్చి కూర్చున్నది. కోరస్ లైన్ వంటి ఆట రోజురోజుకును సెకను తేడాలేక నడచును గనుక బ్రాడ్‌వేవారి పెట్టె జ్ఞాపకము సార్థకమయ్యెను. మనకు జ్ఞాపకముండిన చాలదు, ఆగుటయు తెలియవలెను.

ఈ చిక్కును విప్పుకొనలేని చోట లైటింగు అబ్బాయి ఆటో అను బొత్తామును నొక్కి టీ త్రాగుటకు పోవును. అప్పుడు జరుగునది పాఠకులలో అనేకులు చూచియే యుందురు. దీపములు తమంతట తాము పచ్చ, ఎఱుపు, ఊదా తిరుగుచుండును. చప్పుడునకు ఎగురు పద్ధతిలో పెట్టినచో తబలా దెబ్బ దెబ్బకు చితి గంతులు వేయును. బాలకునిదే తప్పనుట న్యాయము కాదు. అతనిని పెండ్లి బరాతుకు, గణపతి పందిరికి, రాజకీయసభకు, పద్యనాటకమునకు ఒకే కిరాయికి పిలిచితిమి. నాటకప్రతిని చేతికిచ్చినవారు లేరు. ఎచ్చట ఏ పద్యమో చెప్పినవారు లేరు. దివిటీవానికి ఆట తెలిసియుండెను, ఏలయన ఆతడు ఆటకు మూడడుగుల దూరమున తెల్లవారువరకు నిలిచెను. ఇతనిని మనము ప్రేక్షకుల వెనుక, జనరేటరు ప్రక్కన కూర్చుండబెట్టితిమి.

మా సూచన ఒక్కటే, అది ఖర్చు లేనిది. దీపకారుని హార్మోనిస్టు ప్రక్కన, అతని ముఖము కనబడు చోట కూర్చుండబెట్టుడు. పద్యనాటకములో కాలమును ఏలువాడు హార్మోనిస్టు. నటుడు రాగమును సాగదీసినను, వన్స్‌మోరు ఇచ్చినను, చరణము మఱచినను ఆతని వ్రేళ్లు వెంబడించును. అతని చేయి ఆగినప్పుడు గో నొక్కకుండుట, ఎత్తుకొన్నప్పుడు నొక్కుట దీపకారుడు ఒకటి రెండు రాత్రులలో నేర్వగలడు. క్యూలను గొలుసు కట్టక విడివిడిగా దాచి, ప్రతిదానిని చేతితోనే విడువవలెను. వెలుగును వాద్యమువలె వాయింపవలెనన్న బెంథామ్ మాట లండనుకంటె ఏన్కూరునకును జూలూరుపాడునకును ఎక్కువ పొసగును.

క్రొత్త దీపములతో మరి రెండు ఇబ్బందులున్నవి. వెనుకటి బల్బు తగ్గినకొలది ఎఱ్ఱబడును. ముఖమునకు అది సంధ్యవంటి కాంతి. ఎల్ఈడీ దీపము తగ్గినను వన్నె మారదు. అదియుగాక 256 మెట్లలో క్రింది మెట్లు కంటికి తెలిసిపోవును. నిదానముగా చీకటి చేయబోయినచో దీపము తడబడి దిగుచున్నట్లుండును. మేలైన దీపములు ఒక్కొక్క గుణమునకు రెండు చానళ్లు తీసికొని 65,536 మెట్లిచ్చును. అద్దె దీపములలో అవి అరుదు. ఇక రెండవది రంగు. అర్దళము పూసి, పెదవులకు బుగ్గలకు ఎఱుపు దిద్దిన ముఖముమీద అచ్చమైన నీలము పడినచో ఎఱుపంతయు నలుపగును. కాటిసీనులో హరిశ్చంద్రుని నోరు గుహవలె కనబడుటకు కారణమిది. నీలములో కొంచెము తెలుపు, రవంత ఎఱుపు కలుపవలెను. రంగు పూయువాడును దీపమువాడును ఆటకు ముందు ఒక్కసారి మాటలాడుకొన్నచో తీరు విషయము.

ఇప్పుడు ఈ చరిత్రలో మాకు ముఖ్యమని తోచిన సంగతి చెప్పవలసియున్నది. నాటకమునకు వ్రాతప్రతి మిగులును. పాటకు స్వరము మిగులును. గ్రామఫోను రికార్డుల పుణ్యమా అని పాతనటుల గొంతులు కూడ మిగిలినవి. వెలుగు మాత్రము ఆట ముగియగానే చచ్చిపోయెడిది. 1885 నాటి కీచకవధలో వలలుడు చీకటిలో కూర్చున్న రంగమున దీపము ఎట్లుండెనో చెప్పు ఒక్క పంక్తి లేదు. దివిటీవాని పేరు లేదు. జ్ఞాపకము గల కన్సోలు వచ్చిన పిమ్మట మొట్టమొదటిసారి వెలుగునకు లిపి ఏర్పడెను: ఏ దీపము, ఎంత విలువ, ఎన్ని సెకనులు. ఆ లిపిని దాచుకొనినచో యాబదియేండ్ల తరువాతివాడు చదివి, ఇది ఈ దీపకారుని చేతిపని అని గుర్తింపవచ్చును.

కాని ఆ లిపి ఏ పలకమీద వ్రాయబడుచున్నది? 1980లలో, 90లలో కన్సోళ్లు క్యూలను ఫ్లాపీ డిస్కులలో దాచినవి. నేడు ఆ డిస్కులు ఉన్నను చదువు యంత్రములు అరుదు. చిన్న బల్లలలోనైతే రేపు ఇంకొక ఊరి పెండ్లికి క్రొత్త దృశ్యము దాచగానే నిన్నటి కాటిసీను తుడిచివేయబడును. ఒక్క కాగితము ఉన్నచో ఈ గతి పట్టదు. వెడల్పు నోటుపుస్తకమున నిలువుగీతలు గీసి, క్యూ అంకె, నాటకమందలి మాట లేక పద్యపు ఎత్తుగడ, ఏ దీపములు, ఏ రంగు, ఎన్ని సెకనులు, కడపటి గడిలో ఆ రాత్రి జరిగినది వ్రాసికొనవలెను. పైన తేది, ఊరు, నాటకము, దీపము నడిపినవాని పేరు. అట్టి పుటలు సమాజము పెట్టెలో నాటకప్రతి ప్రక్కన ఉండదగినవి.

దివిటీ పట్టినవారి కుటుంబములు ఈ అడవియంచు ఊళ్లలో ఇంకను ఉన్నవి. తాతలు ఆట రాత్రి ఏ మాటకు గుగ్గిలము చల్లెడివారో, ఏ వేషమునకు దివిటీ క్రిందికి దించెడివారో విన్న మనుమలు కొందరైనను ఉందురు. అవి కూడ క్యూలే. ఆ నోటుపుస్తకపు మొదటి పుటలలో వారు చెప్పినవి చెప్పినట్లు వ్రాసికొని, రెండవ పుట నుండి ఎల్ఈడీ దీపముల చిరునామాలు వ్రాసికొనవచ్చును: ఒకటి, పదునేడు, ముప్పదిమూడు.